కాయిల్ చుట్టే చేతులకు ఇంతకన్నా మంచి పనుంది

0.08 మిల్లీమీటర్ల తీగ. అంటే దాదాపు తల వెంట్రుకంత మందం. దాన్ని ఇంకో లావుపాటి తీగ చుట్టూ, చుట్టు మీద చుట్టు ఎక్కకుండా, మధ్యలో సందు రాకుండా మూరెడు పొడవునా చుట్టాలి. లావు తీగ ఒక కొసను డ్రిల్లింగ్ మెషిన్‌కి బిగించి తిప్పుతుంటే, సన్నతీగను వేళ్ల మధ్య పట్టుకుని మెల్లగా జరుపుతూ పోవాలి. వేలు కాస్త వణికిందా, అంతే సంగతులు. మళ్లీ మొదటి నుంచి.

ఇదేదో పరిశోధన ల్యాబ్‌లో పని అనుకుంటున్నారా? కాదు. అమెరికాలో, బ్రిటన్‌లో, మలేసియాలో, ఫిలిప్పీన్స్‌లో కుర్రాళ్లు గదిలో కూర్చుని సరదాగా చేసుకునే పని. వేప్‌లో పెట్టుకునే కాయిల్ కోసం ఇంత తంటా. రెడీమేడ్ కాయిల్ వద్దనుకునేవాళ్ల కోసం విప్పి మళ్లీ కట్టుకునే అటామైజర్లు ఉంటాయి. బొటనవేలి గోరంత లోహపు పీట, దాని మీద స్క్రూలున్న చిన్న స్తంభాలు. వాటి మధ్య కాయిల్ బిగిస్తారు. కాయిల్ లోంచి దూది దూరుస్తారు. ద్రవంతో తడిపి, బ్యాటరీతో వేడి చేస్తే ఆవిరి వస్తుంది. ఆ ఆవిరే పీలుస్తారు.

ఈ వీడియోలను ఇక్కడ ఇంజినీరింగ్ హాస్టళ్లలో నోరెళ్లబెట్టి చూసేవాళ్లున్నారు. డల్లాస్‌లోనో, హ్యూస్టన్‌లోనో ఎంఎస్ చేస్తూ నేరుగా ఆ షాపుల మెట్లెక్కేవాళ్లూ ఉన్నారు. వీళ్లకు పెద్దలు చెప్పేది ఒకటే మాట: 'పాడు అలవాటు, మానెయ్'. మాట తప్పు కాదు. కానీ సగమే. ఎందుకంటే కొంతమందిని అక్కడికి లాగుతున్నది పొగ కాదు, పని. ఆ సంగతి ఒప్పుకోకుండా ఎన్ని సుద్దులు చెప్పినా చెవికెక్కవు.

అందుకే ముందు ఒప్పుకుందాం. ఆ చేతిపనిలో నిజమైన విద్య ఉంది. ఒప్పుకున్నాక అడుగుదాం: ఇంత విద్యను తీసుకెళ్లి నికోటిన్‌కి కట్టేయడం మీకు గిట్టుబాటేనా?

తీగల్లో ఉన్న ఫిజిక్స్

మామూలు కాయిల్ అంటే ఒక తీగను ఐదారు చుట్లు తిప్పడమే. దాంతో తృప్తిపడని వాళ్లు రకరకాల కాయిల్స్ కనిపెట్టారు. లావు తీగ చుట్టూ సన్నతీగ చుడితే అది 'క్లాప్టన్'. గిటార్ లావు తీగలు అచ్చం అలాగే ఉంటాయి కాబట్టి గిటారిస్ట్ ఎరిక్ క్లాప్టన్ పేరు తగిలించారు. లోపల రెండు మూడు తీగలు పక్కపక్కన పెట్టి చుడితే 'ఫ్యూజ్డ్ క్లాప్టన్'. 'ఏలియన్' ఇంకా గడుసుది. ముందు ఒక క్లాప్టన్ చేసి లోపలి తీగను లాగేస్తారు. మిగిలిన సన్న స్ప్రింగును కాస్త సాగదీసి మూడు తీగల కట్ట చుట్టూ మళ్లీ చుడతారు. అలలు అలలుగా వస్తుంది. 'స్టేపుల్'లో రిబ్బన్‌లా చదునుగా ఉండే తీగలను పేకముక్కల్లా ఒకదానిపై ఒకటి పేర్చి చుడతారు.

అందం కోసమేనా? కాదు. సన్నతీగ చుట్ల మధ్య సందుల్లో ద్రవం నిలుస్తుంది. వేడిని అందుకునే ఉపరితలం పెరుగుతుంది. దానికి మూల్యం కూడా ఉంది. లోహం బరువు పెరిగేకొద్దీ కాయిల్ వేడెక్కడం ఆలస్యమవుతుంది, బ్యాటరీ ఎక్కువ ఖర్చవుతుంది. ఇంకో తమాషా. పైన చుట్టిన సన్నతీగ చాలా పొడవు, మందం తక్కువ. కాబట్టి దాని నిరోధం ఎక్కువ. కరెంటులో ఎక్కువ భాగం లోపలి లావు తీగల్లోంచే పోతుంది. ఇంటర్‌లో సమాంతర నిరోధాల లెక్క చేసి మార్కులు తెచ్చుకున్నవాళ్లు చాలామందే ఉంటారు. దాన్ని వేలి కొసన చూసినవాళ్లు తక్కువ.

తీగ ఎంపికా చిన్న విషయం కాదు. నికెల్, క్రోమియం కలిసిన నైక్రోమ్‌కి అమెరికాలో ఆల్బర్ట్ మార్ష్ 1906లో పేటెంట్ పొందారు. ఇనుము, క్రోమియం, అల్యూమినియం కలిసిన కాంథాల్ 1920లలో స్వీడన్‌లో పుట్టింది. కాంథాల్‌ని ఎర్రగా కాలిస్తే పైన అల్యూమినా పొర ఏర్పడుతుంది. ఆ పొర లోహాన్ని లోపలికంటా తుప్పు పట్టకుండా కాపాడుతుంది. కొత్త కాయిల్‌ని తక్కువ కరెంటుతో వెలిగించి, పింగాణీ మొనల పట్టకారుతో మెల్లగా గీరుతుంటారు చూశారా? ఎక్కడో ఒక్కచోటే ముందు ఎర్రబడితే అక్కడ చుట్లు సరిగా కూర్చోలేదని అర్థం. సరిగ్గా కుదిరిన కాయిల్ మధ్యలో మొదలై రెండు పక్కలకూ సమానంగా వెలుగుతుంది.

ఒత్తి సంగతి మనకు కొత్తా?

కాయిల్ ఎంత గొప్పగా చుట్టినా, దూది సరిగా పెట్టకపోతే అంతా వృథా. దీన్ని వాళ్లు 'వికింగ్' అంటారు. మన ఇంట్లో కార్తిక మాసంలో అమ్మమ్మ చేసే పని ఇదే. మరీ గట్టిగా నలిపితే ఒత్తికి నూనె ఎక్కదు, కొస మాడిపోతుంది. మరీ వదులైతే సరిగా నిలబడదు. కేశనాళికీయత అనే పెద్ద పేరుతో చదువుకున్నది అమ్మమ్మ అరచేతిలో ఎప్పుడో ఉంది.

అయితే ఒక తేడా ఉంది. గింజ తీసిన పచ్చి దూదిని నీళ్లలో వేసి చూడండి, తేలుతుంది. నూనెలో వేస్తే మునుగుతుంది. పత్తి పోగు మీద సహజంగా ఒక మైనపు పొర ఉంటుంది. అది నీటిని రానివ్వదు, నూనెను రానిస్తుంది. వేప్ ద్రవం నూనె కాదు. వెజిటబుల్ గ్లిజరిన్, ప్రొపిలీన్ గ్లైకాల్ అనే, నీటిలో కలిసే రకాలు. అందుకే మైనం తీసేసిన దూది కావాలి. గ్లిజరిన్ నీటికన్నా వెయ్యి రెట్లకు పైగా చిక్కన. అది పైకి పాకాలంటే దూది ఎంత వదులుండాలి, కొసలు ఎక్కడ కత్తిరించాలి అన్నది అనుభవంతో తేలాల్సిందే. కొంతమంది దూది వదిలేసి రేయాన్ వాడారు. కొంతమంది సన్నటి స్టీలు జాలీని చుట్టి ఒత్తిగా నిలబెట్టారు.

ఇక్కడ ఒక్క సూత్రం గుర్తుపెట్టుకోవాలి. ద్రవం ఉన్నంతసేపూ ఆవిరవుతూ వేడిని తీసుకుపోతుంది, కాయిల్ ఒక హద్దులో ఉంటుంది. ద్రవం అయిపోయిన మరుక్షణం ఉష్ణోగ్రత గబుక్కున పైకి పోతుంది. దూది మాడుతుంది. గ్లిజరిన్ అతిగా వేడెక్కితే అక్రోలిన్ పుడుతుంది. నూనె మూకుడు మాడినప్పుడు కళ్లు మండించే ఘాటు ఉంటుందే, అందులో ఉండేది అదే. వంటింట్లో వస్తే కిటికీ తెరుస్తాం. వేప్‌లో వస్తే అది నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఎంత చెయ్యి తిరిగినవాడికైనా ఒత్తి ఆరిపోయిన రోజు ఉండనే ఉంటుంది.

లెక్క తప్పితే ఏమవుతుంది?

ఇక్కడే ఆట ప్రమాదంగా మారుతుంది. పూర్తిగా చార్జ్ చేసిన 18650 లిథియం సెల్ 4.2 వోల్టులు ఇస్తుంది. కాయిల్ 0.5 ఓమ్ అయితే కరెంటు 8.4 ఆంపియర్లు. 0.2 ఓమ్ అయితే 21. 0.1 ఓమ్ అయితే 42. ఈ సైజు సెల్స్‌లో చాలావాటి నిరంతర సామర్థ్యం 10 నుంచి 25 ఆంపియర్ల మధ్యే ఉంటుంది. కాయిల్ ఎంత విచిత్రంగా ఉంటే, లోపల తీగలు ఎన్ని ఎక్కువైతే, నిరోధం అంత తగ్గుతుంది. సర్క్యూట్ లేని మెకానికల్ మాడ్‌లో ఈ కరెంటును ఆపే నాథుడే ఉండడు. ఉన్నదల్లా బ్యాటరీ, మీట, కాయిల్. కాయిల్ కాలు ఒకటి పక్కకు వంగి గోడకు తగిలినా, బ్యాటరీ పైన ప్లాస్టిక్ తొడుగు చిరిగినా షార్ట్ సర్క్యూటే.

2018 మేలో ఫ్లోరిడాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో వేప్ పేలి ఒకరు చనిపోయారు. 2019 జనవరిలో టెక్సాస్‌లోని ఫోర్ట్‌వర్త్‌లో 24 ఏళ్ల యువకుడు అలాగే పోయాడు. పేలిన పరికరం ముక్క మెడలో రక్తనాళాన్ని కోసేసింది. ఫోర్ట్‌వర్త్ అంటే మన పిల్లలకు కొత్త ఊరేమీ కాదు, డల్లాస్‌కి ఆనుకునే ఉంటుంది. ఇలాంటి చావులు రోజూ జరగవు, నిజమే. కానీ ఓమ్ నియమంలో తప్పు చేస్తే పరీక్షలో ఒక మార్కు పోతుంది. ముఖానికి జానెడు దూరంలో తప్పు చేస్తే?

'సిగరెట్ కన్నా నయం కదా?'

ఈ ప్రశ్న రాకుండా ఉండదు. దాటవేయడం న్యాయం కాదు. బ్రిటన్‌లో ప్రభుత్వ వైద్య వ్యవస్థ సిగరెట్ మానాలనుకునే పెద్దవాళ్లకు వేప్‌ని ఒక దారిగా చూపిస్తోంది. ఏళ్ల తరబడి రోజుకో ప్యాకెట్ కాల్చినవాడికి అది తక్కువ చెడు కావచ్చు. కానీ అదే బ్రిటన్ పిల్లలు అలవాటు పడుతున్నారని 2025 జూన్ 1 నుంచి వాడిపారేసే వేప్‌లను నిషేధించింది. 'సిగరెట్ కన్నా నయం' అన్న మాట సిగరెట్ తాగేవాడికే వర్తిస్తుంది. జీవితంలో సిగరెట్ ముట్టనివాడు కాయిల్ సరదాతో మొదలుపెడితే పోలిక సిగరెట్‌తో కాదు, మామూలు గాలితో. అప్పుడు లెక్క తిరగబడుతుంది.

పైగా కాయిల్ కూడా ఊరికే ఉండదు. అమెరికాలో జాన్స్ హాప్‌కిన్స్ పరిశోధకులు 2018లో ప్రచురించిన అధ్యయనంలో, సీసాలోని ద్రవంలో కన్నా కాయిల్ మీదుగా వచ్చిన ఆవిరిలో సీసం, నికెల్, క్రోమియం లాంటి లోహాలు చాలా ఎక్కువగా కనిపించాయి. నికోటిన్ లేని ద్రవం వాడుతున్నామని చెప్పుకునేవాళ్లు కూడా ఈ మాట గుర్తుంచుకోవాలి.

నికోటిన్ సంగతి మరీ మోసకారిది. కొత్త కాయిల్ కట్టగానే రుచి చూడాలి. రుచి చూడాలంటే పీల్చాలి. బాగోలేదు, మార్చి మళ్లీ పీల్చాలి. పని మీద ఇష్టమూ నికోటిన్ మీద ఆకలీ పెనవేసుకుపోతాయి. ఏది ఎక్కడ ఆగిందో మీకే తెలియకుండా పోతుంది. నాకు అన్నిటికన్నా ఎక్కువ అభ్యంతరం ఇక్కడే. ఏ హాబీ అయినా వద్దనుకున్న రోజు పక్కన పెట్టేయగలగాలి. దీన్ని అలా పెట్టలేరు.

చట్టం, వీసా.. రెండూ చూసుకోండి

మన దేశంలో 2019లోనే ఈ-సిగరెట్లను నిషేధిస్తూ చట్టం వచ్చింది. తయారీ, దిగుమతి, రవాణా, అమ్మకం, పంపిణీ, ప్రకటన.. అన్నీ నేరమే. నికోటిన్ ఉన్నా లేకున్నా ఒకటే. మొదటిసారి పట్టుబడితే ఏడాది వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. మళ్లీ చేస్తే మూడేళ్ల వరకు జైలు, ఐదు లక్షల వరకు జరిమానా. 'నేను మొత్తం వేప్ అమ్మడం లేదుగా, చేత్తో చేసిన కాయిల్సే కదా' అనేవాళ్లు ఒక్క మాట గమనించాలి. పూర్తి వస్తువే కాదు, దాని ఏ భాగమైనా అని చట్టంలోనే రాసి ఉంది. సెలవులకు ఇంటికొస్తూ సూట్‌కేస్‌లో పెట్టుకొస్తే అదీ దిగుమతే.

అమెరికాలో ఉన్నవాళ్లకు ఇంకో చిక్కు. అక్కడ 21 ఏళ్లు నిండినవాళ్లకు అమ్మకం చట్టబద్ధమే. అందుకే ప్రమాదం లేదనిపిస్తుంది. కానీ ఎఫ్-1 వీసా మీద ఉన్న విద్యార్థి, క్లాసులు జరిగే రోజుల్లో క్యాంపస్‌లోనే, అదీ వారానికి 20 గంటలు మించకుండా పని చేయాలి. చెయ్యి తిరిగిందని వేప్ షాపువాళ్లు 'వారాంతంలో వచ్చి కాయిల్స్ కట్టు, క్యాష్ ఇస్తాం' అంటే అది అనుమతి లేని ఉద్యోగం. స్టేటస్ పోతుంది. అప్పు చేసి పంపిన నాన్నకు ఆ మాట ఏ నోటితో చెబుతారు? ఇంకోటి. 2016 ఆగస్టులో అమలులోకి వచ్చిన అమెరికా ఎఫ్‌డీఏ నిబంధన ప్రకారం, కాయిల్స్‌ని మార్చి కస్టమర్లకు అమ్మే షాపు ఉత్త షాపు కాదు, 'తయారీదారు' లెక్కలోకి వస్తుంది. అంటే సరదాగా చేసినట్టు కనిపించే పని కాగితాల మీద సరదా కాదు.

పోనీ ఇదే వృత్తిగా ఎదుగుదామా అంటే, ఆ దారీ సన్నబడిపోయింది. రెడీమేడ్ పాడ్లు, వాడిపారేసే వేప్‌లు వచ్చాక చేత్తో కట్టుకునేవాళ్లు తగ్గిపోయారు.

ఈ చేతులు ఎక్కడ కావాలి?

ఇక అసలు మాట. కాయిల్ చుట్టడంలో మీరు నేర్చుకున్నదంతా ఒక కాగితం మీద రాయండి. నిరోధం లెక్క. గేజ్ ఎంపిక. సన్నతీగను లాగుతూ చుట్టే ఒడుపు. ఎక్కడ వేడెక్కుతుందో కంటితో పట్టుకోవడం. ఒత్తి పీల్చే వేగం. బ్యాటరీ హద్దు. ఇప్పుడు పైనున్న 'వేప్' అన్న మాట కొట్టేయండి. మిగిలింది ఏమిటి? ఒక మంచి టెక్నీషియన్ బయోడేటా.

మీ ఊళ్లోనే మొదలుపెట్టండి. మోటారు రీవైండింగ్ షాపు లేని మండల కేంద్రం ఉందా? బోరు మోటారు కాలిందంటే రైతు పరుగెత్తుకొచ్చేది అక్కడికే. పాత వైండింగ్ విప్పి, ఏ గేజ్ తీగ, ఎన్ని చుట్లు అని లెక్కపెట్టి, మళ్లీ అంతే చుట్టాలి. ఒక్క చుట్టు మరో చుట్టుతో షార్ట్ అయితే మోటారు మళ్లీ కాలుతుంది. ఏలియన్ కాయిల్ చుట్టగలిగిన వేళ్లకు ఇది అందని పని కాదు.

హీటింగ్ ఎలిమెంట్లు చూడండి. వాటర్ హీటర్ రాడ్ లోపల ఉండేది నైక్రోమ్ స్ప్రింగే. చుట్టూ మెగ్నీషియం ఆక్సైడ్ పొడి దట్టించి ఉంటుంది. ఫర్నేసులు, ఓవెన్లు, ప్యాకింగ్ మెషిన్లు.. వేడి అవసరమైన ప్రతిచోటా మీకు తెలిసిన తీగే ఉంది.

నిరోధం మారడాన్ని బట్టి కాయిల్ ఉష్ణోగ్రత కనిపెట్టే వేప్‌లు వచ్చాయి కదా, ఆ సూత్రమే పరిశ్రమల్లో పీటీ-100 సెన్సర్. సున్నా డిగ్రీల దగ్గర 100 ఓమ్‌లు, నూరు డిగ్రీల దగ్గర 138.5 ఓమ్‌లు చూపించే ప్లాటినం తీగ. హైదరాబాద్ చుట్టుపక్కల, విశాఖ పరవాడలో ఉన్న మందుల కంపెనీల రియాక్టర్లకు ఉష్ణోగ్రత ఎంతో చెప్పాల్సింది ఇలాంటి సెన్సర్లే. వాటిని సరిచూసి, బాగుచేసే పనికి ఐటీఐలో ఇన్‌స్ట్రుమెంట్ మెకానిక్ అని రెండేళ్ల కోర్సే ఉంది.

ఒత్తి మీద మనసుందా? హీట్ పైపుల గురించి చదవండి. మీ ల్యాప్‌టాప్‌లో ప్రాసెసర్ వేడిని ఫ్యాన్ దాకా మోసే చదును రాగి గొట్టం లోపలి గోడకు ఒత్తి ఉంటుంది. రాగి పొడిని కాల్చి అతికించిందో, జాలీయో, సన్నటి గాళ్లో. ఒకచోట ఆవిరై, ఇంకోచోట చల్లబడిన ద్రవాన్ని వెనక్కి లాక్కొచ్చేది ఆ ఒత్తే. ఉపగ్రహాల్లోనూ ఇదే సూత్రం. మెకానికల్ విద్యార్థికి ఇంతకన్నా మంచి ప్రాజెక్టు ఏం కావాలి?

లోహాల మీద ఆసక్తి ఉంటే నికెల్ మిశ్రమాలు, టైటానియం తయారుచేసే మిధాని హైదరాబాద్‌లోనే ఉంది. బ్యాటరీల మీద ఉంటే ఎలక్ట్రిక్ వాహనాల రంగం ఎదురుచూస్తోంది. సెల్స్‌ని ఎలా కలపాలి, ఎంత కరెంటు లాగొచ్చు, ఎక్కడ ఆపాలి అన్నదే అక్కడ రోజువారీ ప్రశ్న.

చివరిగా

ఇప్పటికే నికోటిన్ అలవాటైందా? సిగ్గుపడి దాచుకోకండి. మానేందుకు సాయం చేసే జాతీయ క్విట్‌లైన్ 1800-11-2356 ఉంది, కాల్ ఉచితం. అమెరికాలో అయితే యూనివర్సిటీ హెల్త్ సెంటర్‌లో అడగండి.

అలవాటు కాలేదా? అయితే ఈ వారాంతంలో ఒక పని చేయండి. కాయిల్స్ చుట్టే వీడియో పక్కన పెట్టి, దగ్గర్లోని రీవైండింగ్ షాపుకి వెళ్లి 'అన్నా, ఒక గంట కూర్చుని చూడొచ్చా' అని అడగండి. అక్కడి చేతులు కూడా మీరు మెచ్చుకున్న చేతుల్లాగే కదులుతాయి. ఆ పని పూర్తయ్యాక ఎక్కడో ఒక పొలంలో నీళ్లు పారతాయి.

లెక్చరర్లకూ, తల్లిదండ్రులకూ ఒక మాట. పిల్లాడి గదిలో సన్నతీగలు, పట్టకారు కనబడితే పీకి పారేసే ముందు ఒక్కసారి అడగండి, 'ఇది ఎలా చుట్టావురా' అని. వాడు చెప్పడం మొదలుపెడతాడు. ఆ మాటల్లోనే వాడికి ఏ చదువు, ఏ పని నప్పుతుందో తెలుస్తుంది.